ఒకే మనిషి రెండు చోట్ల

పదకొండో వారం

పోయిన వారం మీరు నన్ను చూసినప్పుడు నేను సౌదీలో, అల్ ఖర్జ్ పాడిఫారంలోని కంటైనర్ ఆఫీసులో, పునీత్ లాప్‌టాప్ ముందు, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. తెర నిండా ఎర్ర గీతలు. మొత్తం రెండు వందల పద్నాలుగు. ప్రతి గీత పక్కనా ఒకే పేరు, ఆ పేరు నాది. "ఇవేంటండీ మొండయ్య గారూ?" అని పునీత్ అడిగాడు. "రేపు చెప్త" అని నేను బస్సెక్కి క్యాంపుకు పోయాను.

ఆ రేపు ఇవాళే.

మధ్యలో అందుకున్నవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. నాది జగిత్యాల పక్కన ఊరు. ఏడో తరగతి సగంలో బడి మానేసినవాణ్ని. ఇరవై రెండేళ్లుగా ఈ ఫారంలో పాలు చల్లబరిచే అమోనియా ప్లాంట్లు చూస్తున్నాను. పునీత్ రియాద్ ఆఫీసు ప్రోగ్రామర్, గుంటూరువాడు, ముప్పై దాటలేదు. నేను వెళ్లిపోయేలోగా నా బుర్రలో ఉన్న పనంతా కంప్యూటర్లోకి ఎక్కించమని కంపెనీ అతన్ని నా మీదికి తోలింది. నేను చెప్పడం, అతను ఎక్కించడం. నాలుగు నెలలుగా ఇదే పని. చివరి చుక్క దాకా పిండుకున్నాక ఆవును ఏం చేస్తారో, ఈ ఫారంలో ఉన్నవాడికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక జనార్దన్. మా ఊరివాడే, నా చేతి కింద పని నేర్చినవాడు. రెండేళ్ల కిందట మూడో ప్లాంటులో అమోనియా అతని మొహం మీద కొట్టింది. కుడికన్ను ఆ రోజే పోయింది. అనుమతి లేకుండా ప్లాంటులోకి చొరబడ్డాడని కాగితం రాసి, మళ్లీ రాకుండా ఖురూజ్ ముద్ర కొట్టి, కంపెనీ అతన్ని విమానం ఎక్కించింది. ఇప్పుడు ఎడమకన్ను మసకబారుతోంది. దెబ్బ పని మీద తగిలిందని కంపెనీ ఒక్క వాక్యం రాసిస్తే బీమా కింద ఆపరేషన్ అవుతుంది. రాయకపోతే కాదు. హైదరాబాదు డాక్టరు నెలాఖరు దాకా గడువిచ్చాడు. ఆ తర్వాత కోసినా లాభం లేదన్నాడు.

పొద్దున ఎనిమిదింటికి నేను వెళ్లేసరికి పునీత్ ఒక్కడే ఉన్నాడు. ఏసీ గాలి ఎముకల్లోకి పోతున్నా అతని మొహం జిడ్డోడుతోంది.

"కూర్చోండి మొండయ్య గారూ. టీ చెప్పనా?"

ఆ ఆఫీసు ఏసీ బాగుచేయడానికి ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదు. కుర్చీ ఎక్కి నిలబడ్డాను గాని కుర్చీలో కూర్చున్నది లేదు. ఈ నాలుగు నెలల నుంచే కూర్చోమంటున్నారు. నన్నేదో ఎక్స్‌పర్ట్ అని ఇంగ్లీషులో రాసుకున్నారట కూడా.

"టీ వద్దు సారూ. గీతల సంగతి అడుగుండ్రి."

"ముందు నన్ను చెప్పనివ్వండి. మీరు నా మీద కోప్పడకూడదు. టూల్‌కిట్ కొత్త వెర్షన్ వచ్చింది కదా, ఆ ఫీచర్స్ వల్లే ఇదంతా. నేను కావాలని చేసింది కాదు."

టూల్‌కిట్ అంటే ఏమిటని మొదటిరోజే అడిగాను. 'మీకు పానాల పెట్టె ఉంది కదండీ, అలాంటిదే మాకూనూ. ప్రోగ్రాములు తయారుచేసేవాళ్ల సామాన్ల పెట్టె' అన్నాడు. బాగానే చెప్పాడు. కాకపోతే నా పెట్టెలో పానాలు ఇరవై ఏళ్లుగా అవే. వాళ్ల పెట్టెలోకి మూడు నెలలకోసారి కొత్తవి వచ్చి పడతాయి. పడగానే పాతవాటిని చూసి నవ్వుతారు.

ఇంతకుముందు నేను చెప్పిన ప్రతి ముక్కనూ పునీత్ రెండు రోజులు కూర్చుని వాళ్ల భాషలోకి మార్చి రాసేవాడు. కొత్త పెట్టెకు ఆ బాధ లేదు. మైకు ముందు నా తెలుగులో నేను మాట్లాడితే ప్రోగ్రాం తానే రాసుకుంటుంది. "నా పెండ్లానికే నా మాట సగం అర్థం గాదు, దీనికెట్లయితది?" అని నవ్వాను. అయింది. పునీత్‌కు అర్థం కాని మాటలు కూడా దానికి అర్థమయ్యాయి. చేత్తో రాసిన పాత రిజిస్టర్లు కెమెరా కింద పెడితే చదివేసింది, నా కోడిగీతలతో సహా, పన్నెండేళ్లవి. అన్నిటికంటే గొప్పదని పునీత్ గంతులేసిన ఫీచరు ఇంకొకటి. మనమొక రూలు చెబితే, ఆ రూలు పట్టుకుని అది వెనక్కి పోయి పాత రిజిస్టర్లన్నీ తిరగేస్తుంది. రూలుకూ రాతకూ పొత్తు కుదరని చోటల్లా ఎర్రగీత పెడుతుంది.

రూలు చెప్పింది నేనే. ఎవరూ అడగలేదు. పొగరుకొద్దీ చెప్పాను. అమోనియాతో పాటు మిషన్ నూనె కూడా ప్లాంటంతా తిరిగి అడుగున పేరుకుంటుంది. వారానికోసారి కింది వాల్వు తిప్పి ఆ నూనె తీయాలి. నూనె అయిపోగానే వెనక నుంచి గ్యాసు తన్నుకొస్తుంది. అదీ ప్రమాదం. మైకు దగ్గరికి జరిగి, గొంతు సవరించుకుని, ఇలా చెప్పాను: "నూనె తీసినోడు ఇరవై నిమిషాలు ఆడికెల్లి కదలొద్దు. పైపు మీది మంచు కరిగి చెమట వట్టాలె. గప్పుడే వాల్వు నిజంగ బంద్ అయినట్టు. గంతకు ముందే కదిలినోడు మెకానిక్కే గాదు."

పునీత్ చప్పట్లు కొట్టాడు. ఇరవై రెండేళ్లలో నా పనికి చప్పట్లు కొట్టినవాడు అతనొక్కడే. ఆ చప్పట్లు ఆగేలోపే తెర ఎర్రబడింది.

"మీరు చెప్పిన రూలే కదండీ," అన్నాడు పునీత్ ఇప్పుడు, తల దించుకుని. "దాని ప్రకారం చూస్తే రెండు వందల పద్నాలుగు సార్లు మీరు ఒకే టైముకి రెండు చోట్ల ఉన్నారు. పది పదికి మూడో ప్లాంటులో నూనె తీశారు. పది పదిహేనుకి ఆరు కిలోమీటర్ల దూరంలో ఏడో షెడ్డులో పంపు బేరింగు మార్చారు. రెండు చోట్లా మీ సంతకమే."

"దేవుడైతే ఉంటడు గట్ల. నేను ఇకామా పర్మిట్ మీద బతికెటోన్ని."

"జోకులు కాదండీ. నూనె తీసింది మీరు కాదు కదా?"

"కాదు."

"మరెవరు?"

అమోనియా వాల్వు ముట్టుకోవాలంటే కార్డు ఉండాలి. కార్డు రావాలంటే కంప్యూటర్ మీద పరీక్ష రాయాలి, ఇంగ్లీషులోనో అరబ్బీలోనో. మా టీములో కార్డున్నవాళ్లం ఇద్దరం. ఒకాయన యాన్బు ప్లాంటుకు వెళ్లిపోయాడు. మిగిలింది నేను. ప్లాంట్లు తొమ్మిది. ఇంకొకరికి కార్డు ఇప్పించమని మా ఫోర్‌మన్ సలీంను అడిగితే, "నామ్ తేరా, హాత్ ఉస్కా" అని చేతులు దులుపుకున్నాడు. పేరు నీది, చెయ్యి వాడిది. అప్పటి నుంచి అదే ఆచారమైంది. పొద్దున్నే బస్సు దిగగానే ఆ రోజు నూనె తీయాల్సిన ప్లాంట్లన్నిటికీ నేను ముందే టైము వేసి సంతకాలు పెట్టేవాణ్ని. తీసేది జనార్దన్. అదే పూట నేను చేసే షెడ్డు పనులకు మళ్లీ నా సంతకం నేను పెట్టుకునేవాణ్ని. నూనె రిజిస్టరు ఒక ఆఫీసులో, షెడ్డు రిజిస్టరు ఇంకో ఆఫీసులో. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే ఖర్మ ఎవరికీ పట్టలేదు, ఈ పెట్టె వచ్చేదాకా.

జనార్దన్ ఆ పరీక్షకు రెండుసార్లు కూర్చుని రెండుసార్లూ తప్పాడు. వాల్వు మీద చెయ్యి ఆనించి లోపల నూనె నడుస్తోందో గ్యాసు నడుస్తోందో చెప్పగలిగినవాడు. ఆ ప్రశ్న పరీక్షలో రాలేదు.

ఇదంతా చెప్పాను. పునీత్ వింటూ కుర్చీలో వెనక్కి వాలాడు.

"పాత వెర్షన్ అయితే ఇగ్నోర్ అని ఒక బటన్ ఉండేదండీ. కొట్టేస్తే పోయేది. ఈ వెర్షన్‌లో అది తీసేశారు. ఎవరి సంతకం మీద డౌటు వచ్చిందో వాళ్ల గొంతుతోనే జవాబు చెప్పాలి. అప్పుడే గీత పోతుంది. నేను ముట్టుకున్నా, ఎవరు ముట్టుకున్నా పేరుతో సహా రికార్డవుతుంది."

"మంచిదే గదా."

"మంచిదే. కానీ రేపు రియాద్ నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. ఇవాళ మధ్యాహ్నం ఈ ఫారం నడిపే ముదీర్‌కి చూపించాలి. ఇన్ని ఎర్రగీతలతో ఎలా చూపించను? దారి ఒకటుందండీ. మీరు మైకులో ఒక్కమాట, 'టైము తప్పు రాశాను' అనండి. అన్నీ పచ్చబడిపోతాయి. ఎవరికీ ఏమీ కాదు."

"అన్నీనా?"

పునీత్ లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. వేలితో తెరను కిందికి తోసి, ఒక గీత దగ్గర ఆగాడు.

"ఇదొక్కటి వేరేగా ఉంది. ఫిబ్రవరి పదకొండు."

నేను ఆ గీత వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదు.

"పాత రిజిస్టర్ల కట్టలో యాక్సిడెంట్ ఫైలు కూడా ఉందండీ. నాకు తెలీక అదీ స్కాన్ చేసేశాను. పెట్టె దాన్ని కూడా చదివి ఈ గీతకి తగిలించింది. అందులో ఒక స్టేట్‌మెంట్ ఉంది." గొంతు సవరించుకుని చదివాడు. "'నేను మూడో ప్లాంటులో నూనె తీసి, వాల్వు మూసి బయటికి వచ్చాను. నేను వచ్చాక జనార్దన్ ఎవరికీ చెప్పకుండా లోపలికి పోయి వాల్వు కదిపాడు. అతన్ని ఆ పనికి ఎవరూ పంపలేదు.'"

"కింద సంతకం ఎవరిదో కూడా చదువుండ్రి."

"మీదేనండీ."

పది వారాలుగా నేను మీకు చెప్పకుండా దాచింది ఇదే. కంపెనీ రాసింది, కంపెనీ రాసింది అంటూ వచ్చాను. కంపెనీకి చేతులుండవు. రాసినవాడు ఎవడో గుమస్తా. కాగితం పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీదికి వచ్చినవాడు సలీం. సంతకం పెట్టినవాణ్ని నేను. లోపల జనార్దన్ కళ్ల మీద సెలైన్ నీళ్లు పోస్తున్నారు. వాడి అరుపు మెట్ల దాకా వినిపిస్తోంది. సలీంను చదివి వినిపించమన్నాను, వినిపించాడు. తెలియక పెట్టానని చెప్పుకోవడానికి కూడా నాకు లేదు. "దొంగ సంతకాల సంగతి బయటపడితే నువ్వు జైలుకు పోతవ్, వాని కన్ను మాత్రం తిరిగి రాదు" అన్నాడు సలీం. ఆ లెక్క నాకు సరిపోయింది. పెట్టాను.

"ఎలా పెట్టారండీ?" పునీత్ గొంతు పెరిగింది. "మీ ఊరివాడు కదా, మీ దగ్గర పని నేర్చుకున్నవాడు కదా..."

"నువ్వెట్ల పెడ్తున్నవో గట్లనే."

"నేనేం చేశాను?"

"నేను చెప్పుడు అయిపోంగనే మా టీముల ఎంతమందిని ఇంటికి పంపిస్తరో, గా కాగితం నీ లాప్‌టాప్‌ల లేదా? నాకెర్కలేదనుకున్నవా? సలీం నెల కింద్నే చెప్పిండు. పొద్దుగాల 'కూసోండి మొండయ్య గారూ' అంటవ్, టీ అంటవ్. గా లిస్టుల నా పేరు ఎన్నోదో జెర చెప్పు."

పునీత్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"ఆ లిస్ట్ నేను చెయ్యలేదండీ."

"నేను గూడ రాయలే గా కాగితం. సంతకమే పెట్టిన."

అంతలో తలుపు నెట్టుకుని సలీం వచ్చాడు. సలీంది కోరుట్ల. మా ఇద్దరి ఊళ్లకూ మధ్య బస్సులో గంట ప్రయాణం కూడా లేదు. ఫోర్‌మన్ అయినప్పటి నుంచి తెలుగు సగం మరిచిపోయినట్టే ఉంటాడు.

"క్యా రే, దోనోఁ చుప్ బైఠే? కోయీ మర్ గయా క్యా?"

"ఎవ్వలు సావలే ఇంకా," అన్నాను.

"జుహర్ నమాజ్ అయినంక ముదీర్ కూర్చుంటడు. మొండయ్య, ఏక్ హీ బాత్ బోల్‌నా హై తేరే కూ. టైమ్ గలత్ లిఖా. ఖలాస్." పునీత్ అన్న మాటే, టైము తప్పు రాశానని. నా భుజం మీద చెయ్యి వేశాడు. బరువుగా వేశాడు. "పెద్దోనివి అయినవ్. ఇజ్జత్‌తోటి ఇంటికి పో."

బయటికి వచ్చాను. కంటైనర్ వెనక నీడ జానెడే ఉంది. ఆవుల షెడ్లలో వాటి ఒంటి మీద నీళ్లు చిమ్మే పైపులు తిరుగుతున్నాయి. ఈ ఎండలో ఆవు నిలబడి ఉంటే పాలు తగ్గుతాయని ఆ ఏర్పాటు. ఫోను మోగింది. వీడియో కాల్ కాదు. జనార్దన్ ఇప్పుడు వీడియో కాల్ చేయడు.

"అన్నా, తిన్నవా?"

"ఇంకా లేదురా. నువ్వు?"

"సంధ్య తినవెట్టింది. పెట్టుకుంట ఏడుస్తున్నట్టుంది. మంచిగైంది, కనవడుత లేదు. కోపం జేసినా కనవడది, ఏడ్సినా కనవడది. పెండ్లం తోటి గింత సుఖంగ ఎన్నడు లేను."

వెనక నుంచి సంధ్య "సాలు తియ్యి" అనడం వినిపించింది. నేను నవ్వాలని చూశాను.

"అన్నా, గా కాగితం సంగతి అడిగినవా? సలీం భాయ్‌ని గాదు, ముదీర్‌నే అడుగు. నువ్వంటే ఇజ్జత్ ఉన్నది గద ఆనికి."

"అడుగుత."

"నాకు ఒక్కటే సమజైత లేదన్నా. నన్ను ఎవ్వలు పంపలేదని సాక్ష్యం చెప్పినోడు ఎవడో ఉన్నడంట గా ఫైలుల. వకీలు చెప్పిండు. ఎవడై ఉంటడు? పాకిస్తానోల్లల్ల ఎవడన్ననా? ఒక్కసారి కనవడాలె నాకు..." ఆగాడు. తర్వాత వాడే నవ్వాడు. "కనవడాలె అంటున్న సూడు. నాకు ఎవడు కనవడ్తడు ఇగ."

"జనార్దనా..."

"ఆఁ."

"ఎండ బాగున్నది ఈడ. మళ్ల చేస్త."

ఫోను పెట్టేశాను. ఆ సాక్ష్యం నాదేనని చెప్పడానికి నాకు ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరి రాలేదు. ఏడో తరగతిలో లెక్కల సారు బెత్తం ఎత్తగానే బడి మానేశాను. యాభై దాటినా ఎవరైనా అడుగుతారనగానే పారిపోయే బుద్ధి మాత్రం మానలేదు.

నమాజ్ తర్వాత మీటింగు రూములో నలుగురమే. బల్ల చివర ముదీర్, ఆయన పక్కన సలీం, ఇవతల పునీత్, నేను. ముదీర్ చెడ్డవాడని ఎవరూ అనరు. రంజాన్‌కు అందరికీ ఖర్జూరాల డబ్బాలు పంచుతాడు. ముప్పై ఏళ్లుగా మనవాళ్లతో పనిచేయించినవాడు కాబట్టి ఉర్దూ బాగా వచ్చు.

"మొండయ్యా, ఆజ్ తుమ్ ఉస్తాద్," అన్నాడు నవ్వుతూ. "హమ్ సబ్ స్టూడెంట్."

పునీత్ గోడ మీది పెద్ద తెరను వెలిగించాడు. చిన్న మైకు నా ముందు పెట్టాడు. మైకు దగ్గర ఎవరు ఏ భాషలో మాట్లాడినా వెంటనే గోడ మీద అరబ్బీలో పడుతుందని, ఇదీ ఈ వెర్షన్‌లో కొత్తదేనని ముదీర్‌కు ఇంగ్లీషులో చెప్పాడు. ముదీర్ మెచ్చుకోలుగా తల ఊపాడు. తర్వాత పునీత్ ఎర్రగీతలు తెరిచాడు. పాత రిజిస్టర్లలో తప్పులు ఈ పెట్టె ఎలా పట్టుకుంటుందో, మనిషిని ఎలా అడుగుతుందో ఇప్పుడు చూపిస్తానన్నాడు. చెబుతున్నంతసేపూ నా వైపు చూడలేదు.

పెట్టెకు గొంతుంది. టీవీలో వార్తలు చదివే ఆడపిల్ల గొంతు, కృష్ణా గుంటూరు తెలుగు.

"మొండయ్య గారూ, ఈ తేదీన మీ సంతకం ఒకే సమయానికి రెండు చోట్ల ఉంది. కారణం చెప్పండి."

"టైము తప్పు రాసిన," అన్నాను.

గోడ మీద అరబ్బీ అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెత్తాయి. గీత పచ్చబడింది. ముదీర్ "మాషా అల్లా" అన్నాడు.

"ఇలాంటివే మరో రెండు వందల పన్నెండు ఉన్నాయి. వాటికీ ఇదే కారణమా?"

సలీం బల్ల కింద నా కాలు తొక్కాడు.

"గదే కారణం."

పొలానికి నీళ్లు పెట్టినట్టు తెరంతా పైనుంచి కిందికి పచ్చబడింది. చూడటానికి బాగుంది. అబద్ధం అంత పచ్చగా ఉంటుందని నాకు తెలియదు. ముదీర్ పునీత్ భుజం తట్టాడు. సలీం నా కాలి మీద నుంచి బూటు తీశాడు.

అడుగున ఒక్క గీత మిగిలింది.

"ఫిబ్రవరి పదకొండు," అంది పెట్టె. "ఆ రోజు మూడో ప్లాంటులో ఒక మనిషికి గాయమైంది. అందుకని విడిగా అడుగుతున్నాను. పది గంటల పది నిమిషాలకు అక్కడ నూనె తీసింది ఎవరు?"

రెండేళ్లలో నన్ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆసుపత్రిలో పోలీసు అడగలేదు, సలీం తెచ్చిన కాగితం అడగలేదు. పంపింది నువ్వేనని వాళ్లకు చెప్పినవా అని జనార్దన్ కూడా, నమ్మకం కొద్దీ, నన్ను అడగలేదు. మనిషి కాని ఒక వస్తువు అడిగింది, బెత్తం లేకుండా, తొందర లేకుండా. టైము తప్పు రాసిన అనే మాట నోటి దాకా వచ్చింది. అంటే పచ్చబడేది. నెలాఖరుకు నేను ఇజ్జత్‌తో విమానం ఎక్కేవాణ్ని. దిగి, కళ్లు లేనివాడి ఇంటికి పోయి, వాడి పక్కన కూర్చుని, తిన్నవారా అని అడిగేవాణ్ని.

"నేను గాదు," అన్నాను. "జనార్దన్."

పునీత్ తల ఎత్తాడు. గోడ మీద అక్షరాలు పడ్డాయి. ముదీర్ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు.

"యే క్యా హై?" అన్నాడు.

పెట్టె ఆగలేదు. "జనార్దన్ గారికి అమోనియా కార్డు లేదు. ఆయన్ని ఎవరు పంపారు?"

"నేనే. పొద్దుగాల సంతకం వెట్టి, ఫోన్ జేసి, నేనే పంపిన. ఆడు చొరవడలే. పని మీదనే పోయిండు. ఆసుపత్రి కాడ నేను వెట్టిన సంతకం అబద్ధం."

చెప్పేశాను. అనుకున్నంత బరువు దిగలేదు.

"నమోదు చేసుకున్నాను," అంది పెట్టె. "మిమ్మల్ని అలా పంపమని ఎవరైనా చెప్పారా?"

చెప్పారు. సలీం చెప్పాడు. ఆ రోజు మూడో ప్లాంటులో వాల్వు కారుతోంది, కొత్తది వేసేదాకా ఆపుదామని నేను అన్నాను. పది నిమిషాల తర్వాత సలీం మళ్లీ ఫోన్ చేసి, ఆపడానికి లేదు, పంపించు అన్నాడు. ఆ పది నిమిషాల్లో అతను ఎవరితో మాట్లాడాడో నాకు తెలియదు. ఎన్నడూ అడగలేదు.

నేను సలీం వైపు తిరిగాను. అతను నా చెవి దగ్గరికి వంగాడు. ఉర్దూలో అంటే ముదీర్‌కు అర్థమవుతుంది. అందుకని ఇరవై ఏళ్లుగా మూలన పడేసిన, ఉర్దూ ముక్క కలవని ఊరి తెలుగును బయటికి తీశాడు. కోరుట్ల బస్టాండులో మాట్లాడినట్టు, గుసగుసగా, స్పష్టంగా అన్నాడు.

"మొండయ్య, నీ కాళ్లు మొక్కుత, నా పేరు తియ్యకు. నడిపియ్యమన్నది ముదీరే. వాల్వు కారుతున్నదని చెప్పిన గూడ. గది బయటికొస్తే నిన్నూ నన్నూ ఇద్దర్ని ఉంచడు."

చెప్పి వెనక్కి జరిగాడు. నా మోచేతి పక్కనే మైకు ఉందని అప్పుడు చూశాడు.

అక్షరాలు గోడ మీదికి రావడం మొదలుపెట్టాయి. ఒక వరుస, దాని కింద రెండో వరుస. నాకు ఆ అక్షరాలు చదవడం రాదు. చదవడం వచ్చినవాడి మొహం చూశాను. ముదీర్ కళ్లు కుడి నుంచి ఎడమకు నెమ్మదిగా కదిలాయి. వరుస చివరికి వెళ్లి మళ్లీ మొదటికి వచ్చాయి. రెండోసారి కూడా చదివాడు.

తర్వాత లేచాడు. తొందర లేకుండా తలుపు దాకా నడిచి లోపల గడియ వేశాడు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చోకుండా, కుర్చీ వెనక నిలబడి దాని వీపు పట్టుకున్నాడు.

"పునీత్, మిటా దో," అన్నాడు. చెరిపేయమని.

పునీత్ చేతులు లాప్‌టాప్ మీద ఉన్నాయి. లాప్‌టాప్ మూసేస్తాడనుకున్నాను. మూయలేదు.

"మైకు ఆపగలను సార్," అన్నాడు ఇంగ్లీషులో, నాకు కూడా అర్థమయ్యేంత నిదానంగా. "పడినదాన్ని మాత్రం నేను తీయలేను. సంతకం మొండయ్య గారిది, ఆయన నోటితో ఆయనే కాదనాలి."

ముదీర్, సలీం, పునీత్, ముగ్గురూ నా నోటి వైపు చూశారు.